టీ తాగి బయల్దేరితే అర కిలోమీటరుకే ఆగిపోయే అంబాసిడర్: ఒక వేపర్ లాక్ కేసు

బండి 1974 నాటి మార్క్ టూ అంబాసిడర్. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే ఎస్‌యూ రకం కార్బురేటర్, ఇంజిన్ పక్కన క్యామ్‌షాఫ్ట్ దెబ్బకు నడిచే మెకానికల్ పెట్రోల్ పంపు. ఓనరు రిటైరైన లెక్చరర్ గారు. వాళ్ల నాన్నగారు కొన్న బండి. నెలకోసారి ఇందులోనే విజయవాడ నుంచి హైదరాబాద్‌లో ఉన్న కూతురింటికి వెళ్లొస్తారు. నాది ఆటోనగర్‌లో షెడ్డు, పాత పెట్రోల్ బండ్లే ఎక్కువగా చూస్తాను.

ఏప్రిల్ మొదట్లో వచ్చి ఆయన చెప్పింది ఇది. పొద్దున్నే బండి బంగారంలా నడుస్తుంది. మధ్యాహ్నం రోడ్డు మీద కూడా, ఆగకుండా పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఎక్కడైనా పావుగంట ఆగి, టీ తాగి సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అవుతుంది. కానీ నాలుగైదు వందల మీటర్లు పోయేసరికి దగ్గడం మొదలుపెట్టి చచ్చిపోతుంది. ముప్పావు గంట వదిలేస్తే మళ్లీ మామూలే. అప్పటికే ఇంకో షెడ్డులో రెండుసార్లు పంపు మార్చారు, ఒకసారి కార్బురేటర్ కిట్ వేశారు. "మేస్త్రీ, పెట్రోల్లోనే కల్తీ ఉందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా అన్నారు. ట్యాంకు నిండా కొట్టించిన రోజున డిక్కీలో పెట్రోల్ వాసన వస్తోందట. ఆ మాటను నేను ఆ రోజు పట్టించుకోలేదు. ఈ కేసులో అసలు ఆధారం అదే.

మొదటిసారి చేసిన తప్పు

బానెట్ ఎత్తగానే కళ్లకు కనపడింది వేడి. ఈ ఇంజిన్‌లో మిశ్రమాన్ని లోపలికి తెచ్చే ఇన్‌టేక్ మానిఫోల్డు, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ ఒకే వైపున ఉంటాయి. కార్బురేటర్ నేరుగా ఎగ్జాస్ట్ సెగ మీద కూర్చున్నట్టే. పైగా దాని వెనక ఉండాల్సిన వేడి అడ్డురేకు ఎప్పుడో తీసేసి మళ్లీ బిగించలేదు. ఇంకేముంది, వేడికి పెట్రోల్ ఆవిరై సరఫరా ఆగిపోయే వేపర్ లాకే అనుకున్నాను. వేడిని ఆపే 6 మి.మీ. హైలం షీట్ కోసి కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య పెట్టాను. అల్యూమినియం రేకుతో కొత్త అడ్డురేకు చేసి బిగించాను. సాయంత్రం ఆరింటికి ఇబ్రహీంపట్నం దాకా తిప్పి, పావుగంట ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి వెనక్కి తెచ్చాను. ఎక్కడా దగ్గలేదు. బండి అప్పజెప్పేశాను.

అయిదో రోజు మధ్యాహ్నం సూర్యాపేట దాటగానే బండి ఆగిపోయిందని ఫోన్.

మధ్యాహ్నం రెండింటి ఎండలో వచ్చే జబ్బును నేను సాయంత్రం చల్లగాలిలో పరీక్ష చేశాను. అరవై దాటిన మనిషిని, పక్కన కూర్చున్న ఆయన భార్యను ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టింది నా తొందరే. అప్పటి నుంచి, వేడి జబ్బుతో వచ్చిన ఏ బండినీ మిట్టమధ్యాహ్నం తిప్పి చూడకుండా అప్పజెప్పడం లేదు.

ఫోన్‌లోనే ఒక పని చేయించాను. "మాస్టారూ, జేబు రుమాలు తడిపి పెట్రోల్ పంపు మీద మాత్రమే వేయండి. మానిఫోల్డ్ మీద ఒక్క చుక్క కూడా పడనివ్వొద్దు." వేడి మీదున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులు పడే ప్రమాదం ఉంది. అయిదు నిమిషాల తర్వాత స్టార్ట్ అయిందని చెప్పారు, అలాగే ఇల్లు చేరారు. తడి గుడ్డ పాత లారీ డ్రైవర్ల చిట్కా. నా దృష్టిలో అది రిపేరు కాదు, ఒక పరీక్ష. పంపు చల్లబడగానే బండి లేచిందంటే పెట్రోల్ ఆగిపోతున్నది కార్బురేటర్‌లో కాదు, పంపు దగ్గరో దానికంటే వెనకో అని తెలిసింది.

పేరు పెట్టే ముందు

వేడి మీద ఆగిపోయే ప్రతి బండికీ వేపర్ లాక్ అని పేరు పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. నిజానికి ఒకేలా కనపడే జబ్బులు మూడున్నాయి. ఒకటి, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ లేదా కండెన్సర్ వేడికి పని మానేయడం. రెండు, ఇంజిన్ ఆపాక కార్బురేటర్‌కు ఉండే చిన్న పెట్రోల్ గిన్నెలోని, అంటే ఫ్లోట్ బౌల్లోని, పెట్రోల్ మరిగి మానిఫోల్డులోకి పొంగడం. మూడు, పైపులోనో పంపులోనో పెట్రోల్ ఆవిరై పంపు ఉత్తినే కొట్టుకోవడం. అసలు వేపర్ లాక్ అంటే ఈ మూడోదే.

రెండోదైతే బండి అసలు స్టార్ట్ అవడానికే మొరాయిస్తుంది. చాలాసేపు సెల్ఫ్ కొట్టాక, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే నల్లపొగ కక్కుతూ లేస్తుంది. ఈ బండి అలా కాదు. వెంటనే లేచి, కొంత దూరం పోయి ఆగుతోంది. ఆ దూరమే లెక్కకు అందింది. బౌల్ విప్పి సిరంజితో కొలిస్తే పట్టింది సుమారు 45 మి.లీ. బండి లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుంది, అంటే కిలోమీటరుకు 100 మి.లీ. 45 మి.లీ.కి అర కిలోమీటరు కంటే కాస్త తక్కువ. మాస్టారు చెప్పిన దూరం సరిగ్గా అదే. బౌల్లో ఉన్నంతవరకు తాగి ఆగిపోతోంది. వెనక నుంచి చుక్క కూడా రావడం లేదు.

అయినా కరెంటు వైపు అనుమానం ఉంచుకోకూడదని, షెడ్డు బయట ఎండలో వేడెక్కించి ఆగిపోయేలా చేసి, ఆగిన క్షణంలోనే ప్లగ్గు వైరు తీసి చూశాను. నీలం నిప్పు గట్టిగా కొడుతోంది. కాయిల్, కండెన్సర్, పాయింట్ల సంగతి అక్కడితో ముగిసింది. 

కొలతలు

పంపును తప్పుపట్టే ముందు దాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఎంత లాగుతుంది, ఎంత తోస్తుంది, నిమిషానికి ఎంత పోస్తుంది. పంపు ఇన్‌లెట్‌కు వాక్యూమ్ గేజ్ పెడితే పాదరసం లెక్కలో ఏడు అంగుళాలు చూపించి అక్కడే నిలబడింది. నేను ఆరు దాటితే సరే అనుకుంటాను. అవుట్‌లెట్‌లో ప్రెషర్ రెండు పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) చిల్లర, ఎస్‌యూ కార్బురేటర్‌కు అంతే కావాలి. డబ్బాలో పెట్రోల్ పెట్టి పొట్టి పైపుతో నేరుగా పంపుకిస్తే నిమిషానికి అర లీటరు పైనే పోసింది. పంపు మంచిది. అదే పంపును బండి సొంత లైనుకు కలిపి కొలిస్తే అందులో సగమే వచ్చింది, అదీ బండి చల్లగా ఉన్నప్పుడే.

ఇక్కడే కేసు మలుపు తిరిగింది. చల్లని ఇంజిన్‌లోనే సగం సరఫరా పోతోందంటే వేడి ఒక్కటే దోషి కాదు.

పంపు ముందు ఒక అడుగు పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తగిలించాను. అది పరీక్షకు మాత్రమే. పెట్రోల్‌కు అది రెండు మూడు వారాల్లోనే బిగుసుకుపోయి పగులుతుంది, బండిలో వదిలేయకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ట్యూబులో సన్నటి బుడగలు దండలా వస్తూనే ఉన్నాయి. లోపల ఎక్కడో గాలి పీలుస్తోంది. లాగే వైపు లీకుల తంటా ఇదే: బయటికి కారదు, కింద మరక పడదు, లోపలికి గాలి మాత్రం పోతుంది. ట్యాంకు దగ్గర పైపు విప్పి, ఆ చివర మూసి, పంపు వైపు నుంచి చేతి పంపుతో మూడు నాలుగు పీఎస్‌ఐ గాలి ఎక్కించి, జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూశాను. డిక్కీ కింద, ట్యాంకు నుంచి వచ్చే పైపును లోహపు లైనుకు కలిపే జానెడు రబ్బరు హోస్ దగ్గర నురగ ఉబ్బింది.

ఆ హోస్ పైకి కొత్తదిలా నిగనిగలాడుతోంది. నిలువునా కోసి చూస్తే లోపలి పొర మెత్తబడి, ఉబ్బి, పొలుసులుగా లేస్తోంది. క్లిప్పు కింద సన్నటి పగుళ్లు. లేచిన పొర సగం దారి మూసేసింది, పగుళ్లు గాలి పీలుస్తున్నాయి. అది పెట్రోల్ మట్టానికి పైన ఉండే హోస్ కాబట్టి మామూలుగా కారదు. ట్యాంకు గొంతు దాకా నింపిన రోజున మాత్రం వాసన వేస్తుంది. మాస్టారు మొదటి రోజే చెప్పిన మాట ఇది.

అక్కడితో అయిపోలేదు. ట్యాంకు మూత విప్పినప్పుడు బుస్సుమని గాలి లోపలికి లాగింది. ఎవరో తాళం ఉన్న కొత్త మూత వేశారు, దానికి గాలి రంధ్రం లేదు. పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులోనే వాక్యూమ్ ఏర్పడుతోంది. పంపు ముందు పేపర్ ఫిల్టర్ ఒకటి మానిఫోల్డ్‌కు బెత్తెడు దూరంలో వేలాడుతోంది. నేల కింద లోహపు పైపు కూడా ఒకచోట సైలెన్సర్ గొట్టానికి దాదాపు ఆనుకుని పోతోంది. ఎప్పుడో తుప్పు పట్టిన భాగం మార్చినప్పుడు దారి తప్పించి వేసినట్టున్నారు.

ఎందుకిలా జరుగుతుంది

పెట్రోల్ ఒకే చోట మరిగే ద్రవం కాదు, నీళ్లకున్నట్టు దానికి 100 డిగ్రీల లెక్క లేదు. తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరి అవడం మొదలవుతాయి, బరువైనవి 200 దాటే దాకా ఉంటాయి. ఈ లెక్క మామూలు గాలి ఒత్తిడిలో. పంపు లాగే వైపు ఒత్తిడి అంతకంటే తక్కువ, ఒత్తిడి తగ్గితే ఇంకా తక్కువ వేడికే ఆవిరి అవుతుంది. అందుకే మూసుకుపోయిన మూత, పొర లేచిన హోస్, సగం నిండిన ఫిల్టర్, ఇవన్నీ కలిసి పెట్రోల్ మరిగే వేడిని కిందికి దించేస్తాయి. లోపల డయాఫ్రమ్ అనే పలచటి పొర కిందికీ పైకీ ఆడుతూ పనిచేసే ఈ పంపు ద్రవాన్ని తోయగలదు, ఆవిరిని తోయలేదు. ఆవిరి నొక్కితే కుంచించుకుంటుంది, వదిలితే వ్యాపిస్తుంది. డయాఫ్రమ్ ఆడుతూనే ఉంటుంది, పెట్రోల్ మాత్రం కదలదు.

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కల్తీ అని మాస్టారికి చెప్పినవాళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకునే చెప్పి ఉంటారు. అది కల్తీ కాదు, ప్రభుత్వం పెట్టిన మిశ్రమం. 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ ఉంది. కానీ 1974 బండికి దానితో మూడు రకాల ఇబ్బంది ఉంది. పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న జిగురును కరిగించి ఫిల్టర్‌కు పంపిస్తుంది. ఇథనాల్ విడిగా 78 డిగ్రీలకు మరిగినా, పెట్రోల్లోని తేలిక భాగాలతో కలిసినప్పుడు రెండూ జతగా అంతకంటే తక్కువ వేడికే ఆవిరి అవుతాయి. ఇంజిన్ ఆపాక బానెట్ కింద చేరే వేడి సరిగ్గా ఆ హద్దుల్లోనే ఉంటుంది.

ఆ వేడి కూడా కొలిచాను. మెరిసే లోహం మీద లేజర్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది కాబట్టి పంపు మీద, బౌల్ మీద నల్ల టేపు అంటించి కొలిచాను. బయట నీడలో 41 డిగ్రీలు. ఆగకుండా వస్తున్నప్పుడు పంపు 60 చిల్లర. ఇంజిన్ ఆపి, బానెట్ మూసి పన్నెండు నిమిషాలు ఉంచితే 80 దాటింది. నడుస్తున్నప్పుడు ఫ్యాను గాలి, రేడియేటర్‌లో తిరిగే నీళ్లు వేడిని తీసుకుపోతాయి. ఆపగానే రెండూ ఆగుతాయి, మానిఫోల్డ్ వేడి అంతా చుట్టుపక్కలకు పాకుతుంది. టీ తాగాకే జబ్బు బయటపడటానికి కారణం ఇదే.

రిపేరు

హోసులన్నీ మార్చాను. ఇథనాల్‌కు తట్టుకునే జే30 ఆర్9 రకం, అంచు మడిచిన క్లిప్పులతో. మామూలు స్క్రూ క్లిప్పుల పళ్లు రబ్బరును కోస్తాయి. గాలి రంధ్రం ఉన్న మూత వేశాను. లోహపు పైపును సైలెన్సర్‌కు దూరంగా, బాడీ అంచు వెంబడి కొత్త దారిలో తీసుకెళ్లాను. మానిఫోల్డ్ దగ్గరి ఫిల్టర్ తీసేసి వెనక ట్యాంకు దగ్గర, చల్లగా ఉండే చోట పెద్ద సైజుది పెట్టాను. పంపుకూ ఇంజిన్‌కూ మధ్య ఉండాల్సిన ఫైబర్ ప్యాకింగ్ కూడా లేదని అప్పుడే చూశాను. అది వేడిని ఆపడానికే కాదు, పంపు లివర్ ఎంత కదలాలన్నదీ దాని మందమే నిర్ణయిస్తుంది. సరైన మందంతో వేశాను.

వీటితోనే బండి చాలావరకు బాగుపడేది. కానీ నేను కావాలని చేసిన పని రిటర్న్ లైను, అంటే మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే పైపు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, పాత బండ్లకు ఇంత మేలు చేసే పని ఇంకోటి నాకు తెలియదు.

గంటకు 70 కిలోమీటర్ల వేగంలో ఈ ఇంజిన్ తాగేది గంటకు 7 లీటర్లు, నిమిషానికి 120 మి.లీ. కూడా లేదు. ఐడ్లింగ్‌లో అందులో ఆరో వంతు. అంటే పెట్రోల్ ఆ వేడి పైపులో, వేడి పంపులో నత్తనడక నడుస్తోంది, నడిచే దారిలోనే ఉడుకుతోంది. బౌల్ నిండితే దాని దారిలో ఉండే నీడిల్ వాల్వు మూసుకుంటుంది, పంపులో పెట్రోల్ కదలకుండా నిలబడిపోతుంది. కార్బురేటర్ ముందు ఒక టీ జాయింటు పెట్టి, అందులో 1.2 మి.మీ. రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి జెట్ బిగించి, అక్కడి నుంచి ట్యాంకు దాకా ఇంకో పైపు వేస్తే, పంపు పోసేదాంట్లో నిమిషానికి సుమారు పావు లీటరు ఎప్పుడూ వెనక్కి తిరుగుతూ ఉంటుంది. ఇంజిన్‌కు కావాల్సింది ఇంకా మిగులుతుంది. పైపులో పెట్రోల్ ఎక్కడా నిలబడదు, పుట్టిన ఆవిరి ట్యాంకులోకి పోతుంది. ఇంజిన్ ఆపాక లైనులో పెరిగే ఒత్తిడికి కూడా ఒక దారి దొరుకుతుంది, లేకపోతే అది నీడిల్‌ను నెట్టుకుని బౌల్‌ను పొంగిస్తుంది. మారుతి 800 కార్బురేటర్ బండ్లలో పంపుకే రిటర్న్ పైపు ఉండటానికి కారణం ఇదే.

రెండు జాగ్రత్తలు. రిటర్న్‌ను ట్యాంకులోకే వేయాలి. పని తగ్గుతుందని పంపు ఇన్‌లెట్‌కు కలిపితే వేడి పెట్రోల్ అక్కడక్కడే తిరుగుతుంది. ఇక ట్యాంకుకు కొత్త పైపు పెట్టడానికి వెల్డింగ్, బ్రేజింగ్ జోలికి పోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది, దాంతో ప్రాణాలు పోయిన షెడ్డులున్నాయి. నేను ట్యాంకు మీద పెట్రోల్ మీటర్ యూనిట్ బిగించే ప్లేటు విప్పి బయట పెట్టుకుని, దానికే రంధ్రం వేసి, బల్క్‌హెడ్ ఫిట్టింగు బిగించి మళ్లీ వేశాను. నిప్పుతో పని రాలేదు.

ఎలక్ట్రిక్ పంపు వేయొచ్చు కదా అని మాస్టారే అడిగారు. ట్యాంకు దగ్గర పెడితే అది లాగదు, తోస్తుంది. పైపంతా ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి ఆవిరి సమస్య తగ్గుతుంది. కానీ ఇది ప్లస్ ఎర్త్ బండి, బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి బిగించి ఉంది. బజారులో దొరికే ఎలక్ట్రానిక్ పంపులు చాలావరకు మైనస్ ఎర్త్ కోసం చేసినవి. బాడీని ఎర్త్ అనుకుని బిగిస్తే వెంటనే కాలిపోతాయి. ప్రెషర్ రెండున్నర పీఎస్‌ఐ దాటకుండా రెగ్యులేటర్ కావాలి, లేకపోతే ఎస్‌యూ పొంగుతుంది. యాక్సిడెంట్ అయినప్పుడు పంపు దానంతటదే ఆగే స్విచ్ తప్పకుండా ఉండాలి. అది లేకుండా ఎలక్ట్రిక్ పంపు బిగించడానికి నేను ఒప్పుకోను. ముందు రిటర్న్ లైనుతో చూద్దాం, చాలకపోతే ఆలోచిద్దాం అన్నాను.

మధ్యాహ్నం పరీక్ష

మే నెలలో ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు మాస్టారినీ ఎక్కించుకుని బయల్దేరాను. నందిగామ దాకా ఆపకుండా వెళ్లి, ఎండలో పెట్టి, బానెట్ మూసి పావుగంట వదిలేశాం. ఆ పావుగంటా నాకు టెన్షనే. సెల్ఫ్ కొట్టగానే లేచింది. మొదటి పది సెకన్లు ఇంజిన్ కాస్త గరుగ్గా నడిచి సర్దుకుంది. అర కిలోమీటరు దాటింది, కిలోమీటరు దాటింది, కీసర టోల్ గేటూ దాటింది. మాస్టారు ఏమీ మాట్లాడలేదు, డాష్‌బోర్డును అరచేత్తో రెండుసార్లు నిమిరారు. దారిలో ఇంకో రెండుసార్లు అలాగే ఆపి చూశాం. బండి ఎక్కడా ఆగలేదు.

ఆ పది సెకన్ల గరుకు బౌల్లో మరిగిన పెట్రోల్‌ది. అది పూర్తిగా పోలేదు. హైలం ప్యాకింగ్, అడ్డురేకు దాన్ని తగ్గించాయి, అంతే. అందుకు మాస్టారికి చెప్పింది, వేడి మీద చోక్ లాగొద్దని, ఎక్సలేటర్ సగం నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టమని. పదే పదే తొక్కడం వల్ల ఉపయోగం లేదు, ఎస్‌యూకు ఎక్సలేటర్ పంపు ఉండదు. ఎండలో పావుగంటకు మించి ఆపితే బానెట్ కాస్త ఎత్తి ఉంచమన్నాను. ట్యాంకు పావుకంటే తగ్గనివ్వొద్దన్నాను, తిరిగొచ్చే వేడి పెట్రోల్ తక్కువ పెట్రోల్లో కలిస్తే ట్యాంకు త్వరగా వేడెక్కుతుంది.

మిక్స్చర్, అంటే గాలి, పెట్రోల్ పాళ్లు కూడా సరిచేయాల్సి వచ్చింది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద ఇంజిన్ పలచగా (గాలికి తగ్గ పెట్రోల్ అందక) నడుస్తుంది, పలచగా నడిస్తే ఇంకా వేడెక్కుతుంది. పెట్రోల్ పాలు పెరిగేలా కార్బురేటర్ అడుగున ఉండే జెట్ నట్‌ను రెండు పలకలు కిందికి తిప్పాను. తర్వాత కార్బురేటర్ పిస్టన్‌ను పిన్నుతో ఒక మి.మీ. లోపే ఎత్తి చూశాను. ఇంజిన్ స్పీడు ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలుకు వచ్చింది, అలా వస్తే సరిగ్గా ఉన్నట్టు. పెరిగి అలాగే ఉంటే చిక్కన, ఆగిపోతే పలచన.

కొత్త హోసులు వేసిన రెండు వారాలకే వెనక ఫిల్టర్ గోధుమ రంగు జిగురుతో నిండింది. మార్చాను. నెలకు మళ్లీ మార్చాను, ఈసారి సగమే నిండింది. జూన్‌లో మాస్టారు దంపతులు హైదరాబాద్ వెళ్లి వచ్చారు. సూర్యాపేటలో ఒక హోటల్ ముందు ఆగి, టీ తాగి, బయల్దేరాక ముప్పావు గంటకు ఫోన్ చేశారు. "మేస్త్రీ, నార్కట్‌పల్లి దాటేశాం" అన్నారు. అక్టోబరులో సర్వీసుకు వచ్చినప్పుడు ట్యాంకు దగ్గరి హోస్‌ను కావాలనే విప్పి, ఒక చివర కొంచెం కోసి చూశాను. లోపలి పొర గట్టిగానే ఉంది. మిగతాదాన్ని తిరిగి బిగించాను.